పందుల్ని తరిమిన పాట

అశ్వారావుపేట
18 జూన్ 2006

చి. స్తుతికి,

ప్రభువు నిన్ను కాపాడుగాక. నీ మీద నాకున్న కోపాన్ని కూడా ఆయనే చల్లారుస్తాడేమో చూద్దాం.

మొన్న ఫోన్ చేస్తే సగంలో పెట్టేశావు. ఉత్తరాన్ని సగంలో పెట్టేయలేవు, చింపాలి. చింపే ముందు ఎవరైనా ఒకసారి చదువుతారు. ముప్ఫై ఏళ్లు బడిపంతులుగా చేసిన అనుభవంతో చెప్తున్నాను.

పేపర్లో నీ ఫోటో చూశాను. నా అంతట నేను చూడలేదు, చూపించారు. ఆదివారం ఆరాధన అయ్యి బయటికి వస్తుంటే టీ కొట్టు చెంచురామయ్య పేపరు మడిచి పట్టుకొచ్చి, "సారూ, గీ పిల్ల మన పుల్లమ్మ బిడ్డ గాదా? ఎవలన్న కొట్టిన్రా ఏంది, గట్ల నోరు తెరిసింది" అని అడిగాడు. సంఘమంతా చూస్తుండగా అడిగాడు. ఏం చెప్పమంటావు? పాడుతోందని చెప్పాను. వాడు నమ్మలేదు.

ఒక పక్క జుట్టు గొరిగించుకున్నావు. రెండో పక్క ఎందుకు వదిలేశావో తెలియలేదు. మంగలికి కోపమొచ్చి మధ్యలో వెళ్లిపోయాడేమో. కింద 'గత్తర బృందం ప్రధాన గాయని స్తుతి' అని రాశారు. గత్తర. మా తాత కాలంలో గత్తర వచ్చి పాత ఊరు సగం ఖాళీ అయిందని, పీనుగులు మోసేవాళ్లు లేక బండ్ల మీద వేశారని మా నాయన చెప్పేవాడు. మీకు పెట్టుకోవడానికి ఇంకో పేరే దొరకలేదా? పంక్ రాక్ అని కూడా ఉంది. అదేమిటని పాస్టరుగారిని అడిగితే, "చేతకాకపోయినా భయపడకుండా వాయించే సంగీతమంట సార్" అన్నాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నారు మన పెద్దలు. మీరు ఆ మద్దెలను కూడా పగలగొట్టి, అదే పాట అంటున్నారు.

నీకు స్వరం పట్టించింది నేను. హార్మోనియం ముందు కూర్చోబెట్టి కీర్తనకు కీర్తన నేర్పాను. పదేళ్లప్పుడు చర్చి కన్వెన్షన్‌లో నువ్వు పాడితే ముసలివాళ్లు కళ్లు తుడుచుకున్నారు. ఆ గొంతును తీసుకెళ్లి పెంట మీద పోశావు.

పాటకు నా దగ్గర ఒకటే కొలత ఉంది. పాడినవాళ్లు ఇంటికి వెళ్లిపోయాక కూడా అది ఇంకొకరి నోట బతకాలి. పొయ్యి దగ్గరో, నాట్ల దగ్గరో ఎవరో ఒకరు దాన్ని మళ్లీ ఎత్తుకోవాలి. పరాయి నోట పడనిది పాట కాదు, అరుపు. నీది అరుపు.

మీ అమ్మ బాగుంది. ఎప్పట్లాగే నా చేలో పనికి వస్తోంది. ఫోటో చూపిస్తే "సన్నబడ్డది" అని మాత్రం అంది.

దసరా సెలవుల్లో చర్చిలో ఉజ్జీవ కూడికలు ఉన్నాయి. ఆలోపు జుట్టు పెరిగితే వచ్చి ఒక కీర్తన పాడు. పెరగకపోతే రావద్దు.

నీ మేలు కోరి తిట్టే
మామయ్య జకర్యా


మల్కాజిగిరి, హైదరాబాద్
5 జూలై 2006

మామయ్యకు,

చింపలేదు. మీ ఉత్తరాన్ని మా వాళ్లందరికీ చదివి వినిపించాను. మంగలి దగ్గరికి వచ్చేసరికి అందరూ పడి పడి నవ్వారు. డ్రమ్స్ కొట్టే కోటేష్ దాన్ని జిరాక్స్ తీయించి గోడకు అంటించాడు. మా బృందం మీద ఇప్పటిదాకా వచ్చిన రాతల్లో అదే బాగుందట.

నేను ఇక్కడ ఏం చేస్తున్నానో మీరు ఒక్కసారి కూడా అడగలేదు కాబట్టి అడగకుండానే చెప్తున్నాను. రాత్రుళ్లు కాల్ సెంటర్లో పని. అమెరికావాళ్లు ఫోన్లో తిడతారు, మేం థాంక్యూ చెప్పాలి. అట్లా థాంక్యూ చెప్పీ చెప్పీ పిచ్చెక్కిన నలుగురం కలిసి ఒక మెకానిక్ షెడ్డులో గత్తర మొదలుపెట్టాం. మొదటి షో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో. రెండో పాటకే ప్రిన్సిపాల్ కరెంటు తీయించాడు. తరువాత ఒక హోటల్లో పాడితే సినిమా పాట పాడమని పల్లీలు విసిరారు. కోటేష్ వాటిని ఏరుకుని తిన్నాడు. ఇప్పుడు మా షోకు జనం టికెట్టు కొని వస్తున్నారు, పేపరువాళ్లు వస్తున్నారు. బెంగళూరు నుంచి ఒక మ్యూజిక్ కంపెనీ సి.డి. వేస్తానంటోంది. మీరు ముప్ఫై ఏళ్లుగా నడిపిస్తున్న చర్చి క్వాయర్‌ను వినడానికి టికెట్టు పెట్టి చూడండి, ఎంతమంది వస్తారో. మీ వాళ్లు ఒక కన్ను పుస్తకం మీద, ఒక కన్ను గడియారం మీద పెట్టి పాడతారు. దేవుడు ఓపిక గలవాడు కాబట్టి వింటున్నాడు.

ఇందులో ఒక సి.డి. పెట్టాను. మా షెడ్డులోనే రికార్డు చేసుకున్నది. మిగతావి మీరు వినకపోయినా నష్టం లేదు, సగం ఇంగ్లీషే. మూడోది తెలుగు పాట. అది వినండి. అమ్మకు కూడా వినిపించండి. అది ఎక్కడిదో నేను చెప్పను, వింటే మీకే తెలుస్తుంది. వినేటప్పుడు హార్మోనియం పెట్టె మూసేయండి, నోరు కూడా.

కూడికలకు రాను. జుట్టు పెరగనివ్వను.

పెంట మీద పోశానని మీరన్న గొంతు,
స్తుతి


అశ్వారావుపేట
27 ఆగస్టు 2006

చి. స్తుతికి,

ముందుగా శుభవార్త. నీ పాటకు పని దొరికింది.

నా దగ్గర సి.డి. మెషిన్ లేదు. జిరాక్స్ షాపువాడు క్యాసెట్‌లోకి ఎక్కించి ఇచ్చాడు. ఇంట్లో పెట్టాను. మొదటిదానికే పిల్లి లేచి బయటికి వెళ్లిపోయింది. నువ్వు చెప్పావు కదా అని మూడోదానికి తిప్పాను. టేపు నలిగిందేమో అనుకుని ఆపి, తీసి చూశాను. నలగలేదు, అది నువ్వే. తలుపు సందులో తోక ఇరుక్కున్న కుక్క కూడా మధ్యలో కాస్త ఊపిరి తీసుకుంటుంది. నీకు ఆ మాత్రం కూడా తోచలేదు.

అయితే దేవుడు దేన్నీ వృథాగా పోనివ్వడు. అడవి అంచున మన మొక్కజొన్న పాలు పోసుకుంటోంది. పగలు కోతులు, పొద్దుగూకితే అడవి పందులు. ఒక మంద దిగిందంటే తినేది కొంత, తొక్కేది కొండంత. మంచె మీద రెడ్యాను కాపలా పెడితే, వాడు డబ్బా కొట్టీ కొట్టీ ఆ డబ్బా మీదే తల పెట్టి పడుకుంటాడు. చర్చికి కొత్త స్పీకర్లు వచ్చాక పాత మైకు గొట్టం మూలన పడి ఉంది. దాన్ని మంచెకు కట్టించి, ట్రాక్టరు బ్యాటరీ తగిలించి, నీ క్యాసెట్టు పెట్టించాను. అన్నిటికంటే కర్ణకఠోరమైనది ఆ మూడోదే కాబట్టి ఒక వైపంతా అదే ఎక్కించాను.

మరునాడు రెడ్యా నవ్వుకుంటూ వచ్చాడు. "సారూ, పందులు గట్టు దాంక వచ్చినయ్. పాట పెట్టంగనే మల్లి ఉరికినయ్. కోతులైతే చెట్టే దిగుత లేవు" అన్నాడు.

నీ గొంతు మొత్తానికి మన కుటుంబానికి ఒక మేలు చేసింది. పక్క చేలవాళ్లు కాపీ అడుగుతున్నారు. మీ కంపెనీవాళ్లకు చెప్పు, బెంగళూరులో ఎందుకు, పురుగుమందుల షాపుల్లో పెట్టి అమ్ముకోమని. వాడే పద్ధతి వెనకాల అచ్చు వేయాలి, చిన్నపిల్లలకు దూరంగా ఉంచవలెనని.

మీ అమ్మకు వినిపించమన్నావు. వేరే వినిపించక్కర్లేదు, చేను చుట్టూ ఉన్నవాళ్లంతా వింటున్నారు. మొదటిరోజు గడ్డి కోస్తున్న మనిషి కొడవలి కింద పెట్టి మంచె కిందికి వచ్చి కూర్చుంది. క్యాసెట్టు ఆ వైపు అయిపోయేదాకా లేవలేదు. కూతురి గతి చూసి సిగ్గుతో చచ్చిపోతోందని నేనూ ఏమీ అనలేదు. బాధలో ఉన్న మనిషికి పని చెప్పి ఇంకా బాధపెట్టడం నాకు ఇష్టముండదు.

వానలు బాగానే ఉన్నాయి. నా మోకాళ్లు బాగాలేవు. పామాయిలు ఫ్యాక్టరీ గాలి ఇటు తిరిగిన రోజున అన్నం సహించడం లేదు.

పంట కాపాడుకున్న కృతజ్ఞతతో,
మామయ్య


మల్కాజిగిరి
10 సెప్టెంబరు 2006

మామయ్యకు,

మీ శుభవార్త అందింది. ఈసారి ఎవరికీ చదివి వినిపించలేదు.

మూడో పాట వినమని ఎందుకన్నానో మీకు అర్థమైంది. అర్థమయ్యే మంచెకు కట్టారు. ఆ మాటలు విని, అవి ఎవరి గురించో తెలిసి, వాటిని పందుల మీదికి తోలారు. ఇది మీ జవాబు. మీ నుంచి ఇంత తెలివైన జవాబు వస్తుందని అనుకోలేదు. కోపం తెచ్చుకుంటారనుకున్నాను. కనీసం ఒక పూట అన్నం మానేస్తారనుకున్నాను. మీకు వెటకారం వచ్చింది. సరే, మీరు పెద్దవారు, మీకు ఏది వస్తే అది చేస్తారు.

అమ్మ సిగ్గుపడిందని రాశారు చూడండి, అది మాత్రం గుండెలో దిగింది. ఆమె కోసం రాసిన పాట అది. ఆ ఉత్తరం వచ్చిన రోజు మాకు షో ఉంది. మూడో పాట మొదలైంది, నాకు నోరు పెగల్లేదు. కోటేష్ కొడుతూనే ఉన్నాడు. జనం అదీ పాటలో భాగమే అనుకుని చప్పట్లు కొట్టారు.

ఇంకో సంగతి. కంపెనీ మనిషి వచ్చాడు. అన్నీ బాగున్నాయట, మూడోది మాత్రం తీసేయాలట. "ఇంటికెళ్లి దీన్ని ఎవరు పాడుకుంటారు? ఎవరూ పాడుకోనిదాన్ని మేం అమ్మలేం" అన్నాడు. మీరూ అతనూ ఒకే బడిలో చదివారేమో. దాని బదులు ఇంగ్లీషులో ఒక ప్రేమపాట పాడమన్నాడు. మావాళ్లు ముగ్గురూ తలూపారు. బయటి ప్రపంచాన్ని తగలబెడతామని టీషర్టుల మీద రాసుకుని తిరిగేవాళ్లు, కాఫీ డే కుర్చీలో కూర్చుని తలలూపారు. నేను ఒప్పుకోలేదు. ఆ పాట లేకపోతే నేను ఆ సి.డి.లో ఉండి చేసేదేమిటని అడిగాను. నెల రోజుల్లో తేల్చమన్నారు. పాటన్నా వదలాలి, గత్తరనన్నా వదలాలి.

ఇది చదివి మీరు సంబరపడతారని తెలుసు. పడండి.

స్తుతి


అశ్వారావుపేట
1 అక్టోబరు 2006

చి. స్తుతికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. జవాబు అంటావు, ఎవరి గురించో అంటావు, మాటలంటావు. ఏ మాటలు? అందులో మాటలున్నాయా? నాకు 'ఆ' అనే అక్షరం ఒక్కటే వినపడింది, అది కూడా గుణింతం లేకుండా. కూడికలకు రమ్మన్నందుకు నువ్వు మనసులో ఏదో పెట్టుకుని డొంకతిరుగుడుగా రాస్తున్నావని అనుకుంటున్నాను. రావద్దులే. కూడికలు బాగా జరిగాయి. కొత్త కీబోర్డు కుర్రాడు అన్ని కీర్తనలకూ ఒకటే తాళం వేశాడు, అయినా నీకంటే నయం.

నీ వైభవం కూడా ముగిసింది. పందులు అలవాటుపడ్డాయి. ఇప్పుడు పాట మొదలైతేనే వస్తున్నాయట, బడిలో మధ్యాహ్న భోజనం గంట విన్నట్టు. పందులు కూడా లెక్కచేయని గాయనివి అయ్యావు.

ఇక ఆపెయ్యమని రెడ్యాకు చెప్పాను. వాడు తల గోక్కుని, "ఆపుత సారూ, గని ఆడోళ్లు ఊకుంట లేరు. పొద్దుగాల వచ్చుడుతోనే పెట్టుమంటున్రు" అన్నాడు. పక్క పొలం చెక్కలో పత్తి ఏరుతున్న ఆడవాళ్లు. పని సాగుతుంది కదా అని వదిలేశాను. మొన్న సోమ్లి, రెడ్యా భార్యే, నా దగ్గరికి వచ్చి, "సారూ, గీ పాట కట్టింది పుల్లమ్మ బిడ్డేనా? గామెకు గివన్ని యాదికున్నయా?" అని అడిగింది. ఏవి యాదికున్నాయని నేను అడిగితే కొంగు అడ్డం పెట్టుకుని నవ్వి వెళ్లిపోయింది. గాడిదకేం తెలుసు గంధం పొడి వాసన. నీకు సరిపోయిన శ్రోతలు దొరికారు.

మీ అమ్మ కూడా నిన్న అన్నం పెడుతూ, "గది అదొక్కతే రాసిందా, ఎవలన్న రాసిచ్చిన్రా?" అంది. అరవడానికి రాయడం ఎందుకన్నాను. పచ్చిపులుసు పోసి లోపలికి వెళ్లింది.

కంపెనీ మనిషి మాట విను. నేను చెప్పిందే అతనూ చెప్పాడు. నేను చెప్తే చాదస్తం, వాడు చెప్తే వ్యాపారం. అట్లాగైనా బుద్ధి వస్తే చాలు.

మామయ్య జకర్యా


మల్కాజిగిరి
16 అక్టోబరు 2006

మామయ్యకు,

మాటలున్నాయా అని అడిగారు. అంటే అది వెటకారం కూడా కాదు, మీరు వినలేదు, అంతే. మిమ్మల్ని అనవసరంగా తెలివైనవారనుకున్నాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. రాసి పంపుతున్నాను. చదవడం మీకు వచ్చు.

దులుపు ఒడి దులుపు
పొద్దుగూకింది ఒడి దులుపు
పొద్దంత వంగిన నడుం లేపి
గట్టు మీద ఒడి దులుపు

ఏం రాలింది సారూ?
చెమట రాలింది సారూ
ఏరుకో సారూ
మూట గట్టుకో సారూ

తోడబుట్టినదాని ఒడి
తొల్త దులిపిన సారూ
నీ చేతులేం పడ్డది
ఒక్కసారి సూడు సారూ

నాకు పదేళ్లు. నాయన పోయిన ఏడాది. బడి వదిలాక నేరుగా మీ చేనికి వచ్చేదాన్ని, అమ్మతో కలిసి ఇంటికి పోవచ్చని. పొద్దుగూకితే మీరు గట్టు మీద గొడుగు పట్టుకుని నిలబడేవారు. ఆడవాళ్లు వరసగా వచ్చి మీ ముందు ఒడి విప్పి దులపాలి, కంకి ఏదీ దాచుకోలేదని చూపించడానికి. ఆ రోజు అమ్మ నన్ను చూసి వరసలోంచి పక్కకు వచ్చింది. మీరు పిలిచారు. "పుల్లమ్మా, చెల్లెవని నిన్ను ఇడిసిపెడితే రేపు గీళ్లంత ఏమంటరు? నాయం అందరికి ఒక్కటే. ముందుగల నువ్వే దులుపు" అన్నారు. అమ్మ నా ముందే దులిపింది. ఏమీ రాలలేదు. రాలదని మీకు తెలుసు. తెలిసీ నిలబడి చూశారు.

ఆ తరువాతే కన్వెన్షన్. అదే చేత్తో హార్మోనియం వాయిస్తూ నన్ను పాడమన్నారు. నేను పాడాను. ముసలివాళ్లు కళ్లు తుడుచుకున్నారని మీరు ఇప్పటికీ చెప్పుకుంటున్నారు. మెల్లగా, తీయగా పాడటమంటే నాకు ఆ రోజు నుంచి అసహ్యం.

ఇక మీకు సంతోషం కలిగించే సంగతి. సంతకం పెట్టేశాను. మూడో పాట తీసేశాం. దాని బదులు ఇంగ్లీషు ప్రేమపాట పాడాను, చక్కగా వచ్చిందన్నారు. ఎవరి కోసం రాశానో ఆమె సిగ్గుపడింది. ఎవరి మీద రాశానో ఆయనకు వినపడనే లేదు. ఇంక దాన్ని పట్టుకుని ఎవరి కోసం వేలాడాలి? మీరు నిశ్చింతగా ఉండండి. ఆ పాట ఇక ఎవరూ వినరు. మీ క్యాసెట్టు కూడా అరిగిపోతుంది.

స్తుతి


అశ్వారావుపేట
24 అక్టోబరు 2006

స్తుతికి,

నీ ఉత్తరం శుక్రవారం అందింది. ఒక్కరోజు ముందు వచ్చి ఉంటే నేను గట్టు మీదికి వెళ్లకపోయేవాడినేమో. అబద్ధం ఎందుకు, వెళ్లేవాడినే. నా చేను, నా గట్టు.

గురువారం కంకులు విరవడం మొదలుపెట్టాం. సాయంత్రం ఎప్పట్లాగే నిలబడ్డాను. వరసలో ముందు సోమ్లి వచ్చింది. దులపమన్నాను. ఆమె ఒడి ముడి మీద చెయ్యి కూడా వేయలేదు. నా మొహంలోకి చూసి పాట ఎత్తుకుంది.

నీ క్యాసెట్టులోలాగా కాదు. ఎవరూ అరవలేదు. నాట్ల పాటలా నిదానంగా, సాగదీసి పాడారు. ఏం రాలింది సారూ అని ఆమె అడిగింది. చెమట రాలింది సారూ అని వెనక వరసంతా అందుకుంది. నా మంచె మీద, నా బ్యాటరీతో, చర్చి గొట్టంలోంచి ఇన్నాళ్లూ మోగిన మాటలు నాకు అప్పుడు మొదటిసారి వినపడ్డాయి. ఏరుకో సారూ అన్నప్పుడు నేను నేల వైపు చూశాను. ఎందుకు చూశానో తెలియదు. రెడ్యా మంచె దిగి వచ్చి వాళ్ల వెనకాల నిలబడ్డాడు. వాడికి కూలి ఇచ్చేది నేనని కూడా వాడు మర్చిపోయాడు.

వరసలో చివర మీ అమ్మ. తోడబుట్టినదాని మాట వచ్చేసరికి మిగతావాళ్లు ఆగారు. ఆమెకు వదిలారు. ఒక్కతే పాడింది. శ్రుతి తప్పలేదు, అది ఒప్పుకోవాలి. పాడి, ముడి విప్పకుండా నా ముందు నుంచే నడిచి వెళ్లింది. ఆమె వెనక అందరూ వెళ్లారు. ఒక్కరూ దులపలేదు. చీకటిపడేదాకా నేను అక్కడే ఉన్నాను.

ఇంటికి వచ్చి మీ అమ్మను, "ఏందే ఇది?" అని అడిగాను.

"నా బిడ్డ పాట. పాడిన" అంది.

"ఆనాడు మంచె కింద సిగ్గుపడి కూసున్నవనుకున్న" అన్నాను.

"సిగ్గు నాదెట్లయితది అన్నా?" అంది. అని పొయ్యి వెలిగించుకోవడానికి వెళ్లింది. ఆ రాత్రి నాకు అన్నం పెట్టింది కానీ పక్కన కూర్చోలేదు.

తప్పు చేశానని ఈ ఉత్తరం రాయడం లేదు, అట్లా ఆశించకు. చేను గలవాడు చేను చూసుకుంటాడు. శుక్రవారం నుంచి గట్టు మీదికి వెళ్లడం లేదు, మోకాళ్ల నొప్పులు. పరాయి నోట పడనిది పాట కాదని నీకు రాశాను. ఇప్పుడు నా మీదికే వచ్చిందని ఆ మాట మార్చుకోలేను. నీది పాటే. నేను విన్న పాటల్లో నాకు అన్నిటికంటే నచ్చని పాట, అయినా పాటే.

మరి నువ్వేం చేశావు? నన్ను తిట్టావు, బాగానే తిట్టావు. ఆ తిట్టును నేను నా గట్టు మీద నిలబడి ఆఖరి మాటదాకా విన్నాను. పారిపోలేదు. రాసినదానివి నువ్వు పారిపోయావు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చిన ఒకడు వద్దనగానే సంతకం పెట్టావు. సోమ్లి రేపటి పని నా చేతిలో ఉంది, అయినా పాడింది. మీ అమ్మ ఉంటున్నది నా ఇంటి వెనక గదిలో, అయినా పాడింది. నీకు పోయేదేముంది? గత్తర వస్తే ఊళ్లు ఖాళీ అయ్యేవి. మీరొస్తే ఒక మేనేజరు కుర్చీలోంచి కూడా లేవలేదు. నన్ను అసహ్యించుకునే హక్కు నీకు ఉందేమో. నిన్ను చూస్తే మాత్రం నాకు ఇప్పుడు నిజంగా అసహ్యం వేస్తోంది. ఇదివరకు రాసినవన్నీ ఉత్త మాటలు.

జకర్యా


మల్కాజిగిరి
4 డిసెంబరు 2006

మామయ్యకు,

మీ ఉత్తరానికి ఇన్నాళ్లూ జవాబు రాయలేదు. కాల్ సెంటర్లో ఎందరో తిట్టారు, పల్లీలు విసిరారు, ఇంత అవమానం నాకు ఎవరూ చేయలేదు. మీరు చెప్పింది నిజం కావడం ఇంకా పెద్ద అవమానం. అమ్మ సిగ్గుపడలేదు. మీ ఒక్క వాక్యాన్ని నమ్మి ఆమెను అంత తక్కువగా అనుకున్నాను. అందుకు మిమ్మల్ని తిట్టాలో నన్ను తిట్టుకోవాలో తెలియక రెండూ చేశాను.

శనివారం సి.డి. విడుదల షో జరిగింది. ప్రేమపాట పాడాల్సిన చోట నేను మూడోది ఎత్తుకున్నాను. గిటార్లు రెండూ ఆగిపోయాయి. కోటేష్ ఒక్కడు కాసేపు కొట్టి, కంపెనీ మనిషి వైపు చూసి, కర్రలు కింద పెట్టాడు. తరువాత మైకు తీసేశారు. మైకు లేకుండానే పాడాను. హాలు నిండా జనం ఉన్నారు, ఒక్కరూ అందుకోలేదు. ఏం రాలింది అని నేనే అడిగి, చెమట రాలింది అని నేనే చెప్పుకున్నాను. అంత ఒంటరిగా నేను ఎప్పుడూ లేను. కానీ చివరిదాకా పాడాను. నిన్న కబురు వచ్చింది. సి.డి.ని దుకాణాలకు పంపకుండా ఆపి, నా గొంతు తీసేసి వేరే అమ్మాయితో పాడిస్తారట. గత్తరలో నేను ఇక లేను. కోటేష్ ఫోన్ చేసి ఏడ్చాడు. వాడి ఏడుపు కూడా తాళంలోనే ఉంది, వినబుద్ధి కాక పెట్టేశాను. తరువాత నేనూ ఏడ్చాను.

అప్పటి నుంచి గదిలో కూర్చుని ఆ పాటను మీరు రాసినట్టు పాడాలని చూస్తున్నాను, నిదానంగా, సాగదీసి. రావడం లేదు. నాకు అరవడమే వచ్చు. వాళ్లు దాన్ని ఎక్కడ ఆపారో, ఎక్కడ లాగారో, అమ్మ ఒక్కతే పాడినప్పుడు ఎట్లా పాడిందో నాకు తెలియదు. నేను రాసిన పాటే నాకు రాదు.

బుధవారం బస్సుకు వస్తున్నాను. చర్చికి కాదు. ఇంకా పత్తి ఉంటే ఏరడానికి వస్తాను. సోమ్లి పక్కన, అమ్మ పక్కన వరసలో ఉండి నేర్చుకుంటాను.

మీరు నేర్పడానికి రావద్దు. వినాలనిపిస్తే ముందు సోమ్లిని అడగండి. ఆమె సరేనంటే, గట్టు దిగి వచ్చి మా మధ్య నిలబడి వినండి.

స్తుతి